తెలుగు రాజుల వేటకుక్క ‘రాజపాళయం’: చరిత్ర, లక్షణాలు, సంరక్షణ

1. ఉపోద్ఘాతం:

తెలుగులో వేటకుక్కను ‘జాగిలం’ అంటారు. దక్షిణ భారతదేశపు జాగిలాలలో ఒకటైన రాజపాళయం జాతికి తెలుగువారి వలస చరిత్రతో సంబంధం ఉంది. తమిళనాడులోని విరుదునగర్ జిల్లా రాజపాళయంలో స్థిరపడిన రాజుల ఇంటిభాష తెలుగు. విజయనగర కాలంలో తమ పూర్వికులు దక్షిణాదికి తరలివచ్చారని వారి సంప్రదాయ కథనం. ఈ జాతిని పెంచి పోషించినవారు వారే. ఊరిపేరే కుక్కకూ పేరైంది.

2. లక్షణాలు:

లోతైన ఛాతీ, సన్నని నడుము, పొడవైన కాళ్ళు, పొట్టి వెంట్రుకలు దీని లక్షణాలు. అడవిపందుల వేటకూ, ఇంటి కాపలాకూ దీనిని వినియోగించారు. పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు, బంగారువన్నె కళ్ళు మేలుజాతి గుర్తులుగా స్థిరపడ్డాయి.

3. తెలుపు - చెవుడు:

ఈ తెలుపే జాతికి చిక్కు తెచ్చింది. రంగునిచ్చే కణాలు లోపలి చెవిలోనూ ఉండాలి. అవి లోపిస్తే వినికిడి కణాలు పుట్టిన కొద్దివారాలకే నశిస్తాయి. తెల్లని పిల్లలలో చెవుడు కనిపించడానికి కారణమిదే. తెల్లవాటినే ఎంచి దగ్గరి రక్తంలో జతకట్టిస్తే ఈ లోపం బలపడుతుంది.

4. సంరక్షణ:

పిల్లలకు వినికిడి పరీక్ష చేయించి, చెవుడున్నవాటిని సంతానోత్పత్తికి దూరంగా ఉంచాలి. వాటికి చేతిసైగలతో శిక్షణ ఇవ్వవచ్చు. లేతచర్మాన్ని తీవ్రమైన ఎండనుండి కాపాడాలి. రోజూ పరుగెత్తే అవకాశం కల్పించాలి.

5. ముగింపు:

యజమాని పిలుపు వినలేని కుక్క వేటకు పనికిరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట క్రమంగా నిషిద్ధమైంది. దానితోపాటు వినికిడికి అడవిలో జరిగే పరీక్షా పోయింది. వన్నె మాత్రమే కొలమానంగా మిగిలింది. 2005లో తపాలా బిళ్ళకెక్కిన ఈ జాతి నిలవాలంటే వన్నెకన్నా వినికిడికే విలువనివ్వాలి.