ఫైబర్ పడవ ప్రాణం ప్లైవుడ్‌లో: షీటు కొనేముందు చూడవలసినవి

టేకుమట్ల: ఊరి పేరులో టేకు వినిపిస్తున్నా, పాత ఫైబర్ పడవను బాగుచేయించదలచినవారు బజారులో అడగవలసిన సరకు టేకు కాదు, ప్లైవుడ్. అదీ అన్ని రకాలూ పనికిరావు.

చలివాగు, మానేరు ఈ మండలాన్ని వానాకాలంలో ఎంత ఇబ్బంది పెడతాయో స్థానికులకు తెలుసు. 2020 ఆగస్టులో చలివాగు వరదలో చిక్కుకున్న రైతులను హెలికాప్టర్‌తో బయటికి తేవలసి వచ్చింది. మానేరుపై గర్మిళ్లపల్లి, ఓడేడుల మధ్య కడుతున్న వంతెన గడ్డర్లు 2024 ఏప్రిల్‌లో ఈదురుగాలికి కూలిపోయాయి. ఇటువంటి చోట వాడి పక్కన పడేసిన ఫైబర్ పడవ ఒకటి చవకగా దొరికితే కొనబుద్ధి కావడం సహజమే. అయితే బేరం పైరంగు చూసి తేల్చుకునేది కాదు.

ఫైబర్‌గ్లాసు చివకదు. చివికేది దాని లోపల దాగిన చెక్క. ముఖ్యంగా అమరం వైపు, అనగా పడవ వెనుక, ఇంజను బిగించే పలక. బోల్టు రంధ్రాల గుండా దిగిన నీరు ఏళ్ల తరబడి లోపలే నిలిచి చెక్కను పిండి చేస్తుంది. కొయ్యసుత్తితో తట్టినప్పుడు గట్టి చప్పుడుకు బదులు మొద్దు చప్పుడు వస్తే అనుమానించవలసిందే. చిన్న రంధ్రం వేస్తే తడిసిన నల్లటి పొడి రాలుతుంది. నడి ప్రవాహంలో ఇంజనుతో సహా ఆ పలక ఊడితే జరిగేదేమిటో చెప్పనక్కరలేదు.

అక్కడ టేకు పలక వేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. ఒంటి పలక తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని ఫైబర్ పొర నుంచి విడిపోతుంది. టేకులోని నూనె రెజిన్‌ను సరిగా పట్టనివ్వదు. పొరలను అడ్డదిడ్డంగా అతికించిన ప్లైవుడ్‌కు ఈ కదలిక తక్కువ.

దుకాణాలలో ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాట ధారాళంగా వాడతారు. అది గ్రేడు కాదు. ఐ.ఎస్. 303 కింద ఎం.ఆర్. రకం ఇంటి సామానుకు సరిపడేది, బి.డబ్ల్యు.ఆర్. రకాన్ని 8 గంటలు ఉడికించి పరీక్షిస్తారు. మెరైన్ రకానికి ప్రమాణం ఐ.ఎస్. 710, దానికి 72 గంటల ఉడుకు పరీక్ష. పడవకు కావలసినది ఇదే. షీటుపై ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు ఉండే లైసెన్సు నంబరును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. సెంట్రింగు పనులలో మిగిలిన నల్ల షీట్లు చవకగా దొరుకుతాయి గాని, వాటిపై ఉన్న నున్నటి పూతకు రెజిన్ అంటదు.

ఎర్రగా ఉన్నదంతా గర్జన్ కాదు. రంగు వేసి అమ్మేవారూ ఉంటారు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిషేధించిన తర్వాత గర్జన్‌కు కరువు వచ్చి, గాబన్ దేశపు ఒకుమె బజారులో పుంజుకున్నది. ఒకుమె తేలిక, కాని తడి తగిలితే త్వరగా చివుకుతుంది. కాబట్టి కర్ర పేరు కంటే షీటు అంచు చూడడం మేలు. పొరల మధ్య సందులు, పుట్టీతో పూడ్చిన గుంటలు కనిపిస్తే ఆ షీటు వదలివేయాలి.

ఖర్చు లెక్క కూడా భయపెట్టేది కాదు. నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు గల పలకకు 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు వేస్తే 12 చదరపుటడుగులు. ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి 32 చదరపుటడుగులు వస్తుంది. రకం మార్చినందువల్ల పెరిగేది ఒక్క షీటు ధరలో తేడా మాత్రమే. రెజిన్, గ్లాసు మ్యాటు, కూలీ ఏ షీటుకైనా ఒకటే. నాసిరకం వేస్తే ఆ ఖర్చంతా తిరిగి పెట్టవలసి వస్తుంది.

మెరైన్ అన్నంత మాత్రాన నీటిలో వదిలేయవచ్చునని కాదు. ఉడుకు పరీక్షకు నిలిచేది జిగురు. కర్రకు నీరు చేరకూడదు. పాత పలక తీసిన చోటు పూర్తిగా ఆరాలి. కొత్త ముక్క ముఖాలను గరుకు కాగితంతో రుద్ది, అంచులకు, ప్రతి బోల్టు రంధ్రానికి ఎపాక్సీ పట్టించాలి. తొలకరి పడ్డాక గాలిలో చెమ్మ పెరుగుతుంది గనుక ఈ పని వేసవిలోనే ముగించుకోవాలి.