నీళ్లే కదా అనుకోవద్దు

ఒకప్పుడు బండి మట్టి వదలాలంటే రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్ షాపుకు వెళ్లాల్సిందే. ఇప్పుడు అక్కడి వాటర్ గన్ ఇళ్లలోకి వచ్చేసింది. వానలు వెనకపట్టగానే డాబా మీద పాచి, దసరాకు కారు, ప్రహరీ గోడ మీద మరకలు... అన్నిటికీ ప్రెషర్ వాషరే. పని చకచకా అయిపోతుంది, నిజమే. దాని బలమెంతో తెలియకుండా చేతిలోకి తీసుకుంటేనే ప్రమాదం.

కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు రెండు బార్లు. కుళాయి నీళ్లదీ అటూ ఇటూగా అంతే. ఇళ్లలో వాడే వాషర్లవి చాలావరకు 100 నుంచి 150 బార్లు! పంపులో పిస్టన్లు తోసిన నీరంతా సన్నటి నాజిల్ రంధ్రంలోంచే బయటపడాలి. చర్మాన్ని చీల్చడానికి అందులో పదో వంతు చాలు.

అందుకే కాళ్లకంటిన బురదను గన్‌తో కడుక్కోకూడదు. పిల్లలకు ఆటకైనా ఇవ్వకూడదు. ధార తగిలితే పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నెత్తురు కూడా పెద్దగా రాదు. లోపల మాత్రం నీరు, సబ్బు, మట్టి, క్రిములు కండరాల మధ్య దూరం వరకు పాకుతాయి. గంటలు గడిచేకొద్దీ వాపు, నొప్పి పెరుగుతాయి. వేలు తీసేయాల్సిన పరిస్థితీ రావచ్చు. ప్లాస్టర్ వేసి, టీటీ ఇంజెక్షన్‌తో సరిపెట్టకండి. సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లి, ప్రెషర్ వాషర్ ధార తగిలిందని మొదటి మాటగా చెప్పండి.

నాజిళ్లకు సాధారణంగా రంగులుంటాయి. ఎరుపుది సున్నా డిగ్రీల సూటి ధార, ఇంటి పనుల్లో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. గచ్చుకు 25 డిగ్రీల ఆకుపచ్చ, కారుకు 40 డిగ్రీల తెలుపు చాలు. ముందు దూరం నుంచి కొట్టి చూసి, మరక వదలకపోతేనే దగ్గరకు జరగండి. టైరు పక్కగోడకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రేకులకు ఆనించి కొడితే పాడైపోతాయి.

కరెంటు విషయంలో రాజీ వద్దు. ఎర్తింగ్ ఉన్న త్రీపిన్ సాకెట్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, కాళ్లకు రబ్బరు బూట్లు, కళ్లకు అద్దాలు ఉండాలి. తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టకూడదు. పెట్రోలు మెషీన్‌ను అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అసలు నడపొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిలువునా పడేస్తుంది.

మొదలుపెట్టేటప్పుడు ముందు కుళాయి తిప్పి, ట్రిగ్గర్ నొక్కి, పైపులో గాలి పోయి ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయాలి. నీళ్లు లేకుండా తిరిగితే పంపు సీళ్లు కాలిపోతాయి. ఆపేటప్పుడు చాలామంది స్విచ్ కట్టేసి నాజిల్ ఊడదీయబోతారు. అప్పటికి పైపులో ఒత్తిడి అలాగే ఉంటుంది. కుళాయి కట్టి, ధార పూర్తిగా ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కి పట్టి, లాక్ వేసి, ఆ తర్వాతే నాజిల్ మీద చెయ్యి వేయండి.