పూల్ బల్ల దగ్గర పాదాల లెక్క

పూల్ ఆడేవాళ్ళకు ఇది తరచూ ఎదురయ్యేదే. ఇందాక నేరుగా పాకెట్‌లో వేసిన బంతే మళ్ళీ అదే దూరంలో, అదే కోణంలో వస్తుంది. ఈసారి పాకెట్ అంచుకు తగిలి పక్కకు పోతుంది. వెంటనే క్యూ (బంతిని కొట్టే కర్ర) మొన చూసుకుంటారు, ఇంకొంచెం చాక్ రుద్దుతారు. పాదాల వంక మాత్రం చూడరు. చాలాసార్లు తప్పు మొదలయ్యేది అక్కడే.

చిన్న తేడా ఎంత పెద్దదవుతుందో లెక్క వేసి చూద్దాం. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు. తొమ్మిది అడుగుల పోటీ బల్లకు మూల పాకెట్ నోరు సుమారు 115 మిల్లీమీటర్లు, అంటే రెండు బంతులు పక్కపక్కన పట్టేంత. తెల్ల బంతి, రంగు బంతి, పాకెట్ ఒకే గీత మీద మీటరు మీటరు దూరంలో ఉన్నాయనుకోండి. తెల్ల బంతి దారి ఒక్క డిగ్రీ తప్పితే, మీటరు వెళ్ళేసరికి 17 మిల్లీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. బంతులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఆ తేడా అక్కడితో ఆగదు. రంగు బంతి దాదాపు 17 డిగ్రీలు పక్కకు మళ్ళి, పాకెట్‌కు సుమారు 30 సెంటీమీటర్లు దూరంగా పోతుంది. అది పాకెట్‌లో పడాలంటే తెల్ల బంతి దారిలో డిగ్రీలో పదో వంతుకు మించి తేడా రాకూడదు. క్యూని ఆనించిన ముందు చేతికీ, పట్టుకున్న వెనక చేతికీ మధ్య ఒక మీటరు ఉంటే, వెనక చెయ్యి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా గురి తప్పినట్టే.

అంత సూక్ష్మమైన తేడాను కొట్టే క్షణంలో సరిదిద్దుకోవడం ఎవరి తరమూ కాదు. క్యూ మొన బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు సేపే. కాబట్టి జాగ్రత్తంతా ముందే పడాలి. మంచి ఆటగాడు ఒళ్ళంతా నిలిపి, మోచేతిని తలుపు బందులా వాడుకుంటాడు. దాని కింద ముంజేయి గడియారం లోలకంలా నిట్టనిలువుగా ఊగుతుంది.

అలా ఊగడానికి చోటు ఇచ్చేవి పాదాలు. కుడిచేతి వాటం వాళ్ళు కుడి పాదాన్ని గురి గీత మీద ఉంచి, ఎడమ పాదాన్ని భుజాల వెడల్పున ముందుకు, పక్కకు వేస్తే తుంటి క్యూకి అడ్డు రాదు. అడ్డొస్తే మోచెయ్యి బయటికి జరుగుతుంది, క్యూ వంకరగా కదులుతుంది. పాదాలు మరీ దగ్గరగా ఉంటే, ముందుకు వంగిన శరీరం పడిపోకుండా పిక్కల కండరాలు ఎడతెగకుండా సర్దుకుంటూ ఉంటాయి. ఆ సన్నని ఊగిసలాట క్యూ మొన దాకా పాకుతుంది. రెండు కాళ్ళకు తోడు బల్ల మీద ఆనించిన చెయ్యి మూడో కాలవుతుంది. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగకుండా నిలుస్తుందని మనకు తెలిసిందే.

సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ 1920లలో సుత్తితో పనిచేసే కార్మికుల ఒంటికి చిన్న బల్బులు కట్టి ఫొటోలు తీశాడు. నేర్పరుల భుజం, మోచెయ్యి, మణికట్టు కదలికలు ప్రతి దెబ్బకూ కొంత మారుతున్నా, సుత్తి మాత్రం దాదాపు ఒకే దారిలో దిగుతోంది. ఒక కీలులో వచ్చిన తేడాను మరో కీలు సరిచేస్తుందన్నమాట. ఆ నేర్పు రావడానికి ఏళ్ళు పడుతుంది. కొత్తవాళ్ళకు, కదిలే కీళ్ళను తగ్గించుకోవడమే సులువైన దారి.

కళ్ళదీ ఇదే కథ. వేలెత్తి ఒక్కో కన్నూ మూసి చూడండి, వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. గడ్డం క్యూ మీద రోజుకో చోట ఉంటే కళ్ళ చోటూ మారుతుంది, నేరుగా కనిపించే గీత కూడా రోజుకో తీరుగా ఉంటుంది.

అందరికీ ఒకే భంగిమ కుదరదు. 1875లో మన జబల్పూర్‌లో పుట్టిన స్నూకర్‌లో చాలామంది ఛాతీని బల్లకు ఎదురుగా తిప్పి నిలబడతారు, పూల్‌లో కొంత పక్కకు తిరిగి నిలబడేవాళ్ళు ఎక్కువ. మీ ఎత్తుకు, నడుముకు ఏది హాయిగా ఉంటే అదే మంచిది. ఎంచుకున్నాక మార్చకండి. నిలబడే గురి గీత చూసుకోండి, దాని మీద పాదం వేయండి, ఆ తర్వాతే వంగండి. తేడా అనిపిస్తే వంగి ఉండగా సర్దుకోకుండా, లేచి మళ్ళీ మొదలుపెట్టండి.

ఆట ముందు రోజూ ఒక పరీక్ష చేసుకోండి. తెల్ల బంతిని బల్ల మధ్య గీత వెంట మెల్లగా, నేరుగా అవతలి గట్టుకు కొట్టి, క్యూని కదపకుండా ఆగండి. అది తిరిగొచ్చి మీ క్యూ మొనకే తగిలితే భంగిమ కుదిరినట్టు. పదిసార్లలో ఎన్నిసార్లు తగిలిందో నెల రోజులు రాసిపెట్టుకోండి. మీ నిలకడ ఎంత పెరిగిందో ఆ అంకెలే చెబుతాయి.