మీకు తెలుసా? వైకింగుల కాలంలోనే మన గుట్ట మీద కంద పద్యం

వైకింగులు రాళ్లపై రూన్ లిపి చెక్కుతున్న 10వ శతాబ్దంలోనే, కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట బండపై తెలుగు కంద పద్యాలు చెక్కారు. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ ఉంది. కాలం సుమారు 945. నన్నయ భారతం ఆ తర్వాతి శతాబ్దానిది. తెలుగు పద్యం అప్పటికే ఎంత పదునెక్కిందో చెప్పే సాక్ష్యం కాబట్టి మనకిది అమూల్యం.

డెన్మార్క్‌లోని యెల్లింగ్ రూన్ రాయిని రాజు హెరాల్డ్ బ్లూటూత్ సుమారు 965లో తల్లిదండ్రుల స్మృతికి నిలిపాడు. మన బండా ఇంటివారినే తలుచుకుంది: తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె, అన్న పంపడు. శాసనం పైన జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాలున్నాయి.

సూరత్‌లోని పర్వత్ పాటియా నుంచి కరీంనగర్ వైపు సొంతూరికి వెళ్లే తెలుగు కుటుంబాలవారూ, జగిత్యాల రోడ్డులో గంగాధర దగ్గర ఆగి, పిల్లలకు ఈ గుట్ట చూపించండి. అక్షరాలపై సుద్దముక్క, నూనె, పసుపు మాత్రం రాయనివ్వకండి.