చిన్న వాటాదారు వోటు

కంపెనీ చేతులు మాఱు తరుణమున చిన్న వాటాదారునకు వచ్చు లేఖ మిక్కిలి దీర్ఘము. అందలి యక్షరములు మిక్కిలి సన్నములు. వకీళ్లు, వైద్యులు, ఇంజనీర్లు సైతము దానిని రెండు పుటలు త్రిప్పి, బ్రోకరు చెప్పినట్లు చేయుదమని పక్కన బెట్టుదురు. నూఱు వాటాలవాని మాట లక్షల వాటాలవారి ముందర చెల్లునా యని వారి నిరాశ. సమావేశముల విషయమున నీ నిరాశ చాలవఱకు యథార్థమే. కాని యా లేఖతో వచ్చు ఫారమే యతని నిజమైన వోటు. వాటాల నిచ్చుటయా, ఉంచుకొనుటయా యన్న నిర్ణయము నతని బదులు మఱెవరును చేయజాలరు.

తెలుగువారి కిది క్రొత్త సంగతి కాదు. 1998లో చెన్నపట్నపు ఇండియా సిమెంట్సు కంపెనీ, శ్రీ బి. వి. రాజుగారు స్థాపించిన హైదరాబాదు రాశి సిమెంటును యాజమాన్యము సమ్మతి లేకయే కైవసము చేసికొన బూనెను. వాటా 300 రూపాయల చొప్పున కొందుమని వాటాదారు లందఱకు ఓపెన్ ఆఫరు ప్రకటించెను. రాజుగారు మొదట ప్రతిఘటించిరి. తుదకు తమ వాటాలను ఆ పక్షమునకే 286 రూపాయల చొప్పున అమ్మివేసిరి. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని మన ప్రాంతపు కంపెనీ, మనవాని కంపెనీ యను నభిమానముతో వాటాలు బిగబట్టి కూర్చున్నవాడు, అధిపతియే అమ్ముకొని వెడలినపిమ్మట ఎవరికొఱకు కూర్చున్నట్లు? అభిమానము మంచిదే, అది షేరు ధరలో మాత్రము చేరదు.

ఆ 300 రూపాయలలోను ఒక మెలిక కలదు. నాటి నిబంధనల ప్రకారము ఆఫరు నూటికి 20 వాటాలకు చేసిన చాలును. అంతకు మించి వచ్చినచో దామాషా ప్రకారము కొన్ని పుచ్చుకొని తక్కినవి త్రిప్పి పంపుదురు. కావున ధర యెంత యని యడిగినవాడు, ఎన్ని వాటాలకు ఆ ధర యని కూడ అడుగవలెను. తిరిగి వచ్చిన వాటాలతో క్రొత్త యజమాని క్రింద నుండక తప్పదు. రాశి సిమెంటు పిమ్మట ఇండియా సిమెంట్సులోనే లీనమయ్యెను.

ఇరువదియాఱేండ్లకు ఇండియా సిమెంట్సునకే యా వంతు వచ్చెను. 2024 జూనులో అల్ట్రాటెక్ సిమెంటు కంపెనీ, ఒక పెద్ద మదుపుదారుని పక్షమునుండి నూటికి సుమారు 23 వాటాలను, వాటా 267 రూపాయలకు మించకుండ కొనెను. 2011 నాటి నిబంధనల ప్రకారము నూటికి 25 దాటిననే ఓపెన్ ఆఫరు చేయవలెను గనుక అప్పుడు చిన్నవారి కేమియు రాలేదు. జూలై 28న స్థాపకుల పక్షమువారి వాటాలను, నూటికి 32.72 వంతున, వాటా 390 రూపాయలకు కొనుట కొప్పందము కుదిరెను. హద్దు దాటెను, అదే 390 రూపాయలకు మఱి నూటికి 26 వాటాలు కొందుమని ప్రజలకును ఆఫరు చేయవలసి వచ్చెను. ఒక్క నెలలో 123 రూపాయల భేదము! జూనులో తొందరపడినవాడు విచారించియే యుండును. అట్లని వేచియుండుట ఎల్లప్పుడు లాభమని చెప్పరాదు. రెండవ ఒప్పందము కుదరని కంపెనీలును ఉండును.

చట్టము చిన్నవానికి ఇచ్చిన రక్షణ ఈ ధర విషయముననే. యజమాని కొక ధర, నీ కొక ధర కూడదు. స్వతంత్ర డైరక్టర్ల సంఘము ఆఫరు తెఱచుటకు ముందే కారణములతో తన యభిప్రాయమును ప్రకటింపవలెను. ఆ లేఖలో ముందుగా చదువవలసిన భాగ మిదియే. ఆఫరు ధరకంటె బజారు ధర హెచ్చుగా నుండిన బజారులోనే అమ్ముకొనవచ్చును. ఉంచుకొన దలచువాడు మాత్రము ముందుచూపుతో నుండవలెను. ప్రత్యేక తీర్మానమునకు వ్యతిరేకపు వోట్లకు మూడింతలు అనుకూలపు వోట్లు చాలును. క్రొత్త యజమాని చేతికి నూటికి 75 వచ్చినచో, మిగిలినవా రందఱు కూడి వ్యతిరేకించినను ఆ తీర్మానము నాపలేరు.

నేటి నిబంధనలలో ఆఫరు గడువు పది పనిదినములు. ఒకసారి ఇచ్చిన వాటాలను వెనుకకు దీసికొన వీలు లేదు. ధర విషయమై తుది సవరణయు గడువు తెఱచుటకు ముందే ముగియును గాన, మొదటి దినముననే పరుగిడ నవసరము లేదు. అయితే మన యిండ్లలో తాతల నాటి షేరు పత్రములు పెట్టె యడుగున పడియుండుట కలదు. పోయినవారి పేర నున్న పత్రమును వారసుల పేరికి మార్పించుటకు మరణ ధ్రువపత్రము మొదలు పెక్కు కాగితములు కావలెను. ఆ పని పది దినములలో ముగియదు.