విదేశములలో సామూహిక వ్యాయామము: మేలు, కీడు

విద్యకై, ఉద్యోగమునకై విదేశముల కేగిన మన యువకులలో కొందరు వ్యాయామ బృందములలో చేరుచున్నారు. అట్టి పద్ధతులలో క్రాస్‌ఫిట్ ఒకటి. 2000లో అమెరికాలో గ్రెగ్ గ్లాస్‌మన్ దీనిని సంస్థగా నెలకొల్పెను. పలువురు గూడి, గడియారమును జూచుకొనుచు, బరువులెత్తుట, గెంతుట, పరుగిడుట మున్నగునవి వడివడిగా చేయుదురు. ఇందువలన గుండెకు, కండరములకు బలము చేకూరును. క్రొత్తచోట స్నేహములును లభించును.

అయితే పదిమందిలో వెనుకబడరాదను పంతము ప్రమాదకరము. అలవాటులేని దేహము హద్దుమీరి శ్రమించినచో కండర కణములు చిట్లి, వానిలోని మయోగ్లోబిన్ రక్తమున గలిసి మూత్రపిండములను చెరుపవచ్చును. దీనిని రాబ్డోమయోలిసిస్ అందురు. విపరీతమైన నొప్పి, వాపు, నిస్సత్తువ, టీ డికాషను రంగు మూత్రము దీని లక్షణములు. ఇవి కనబడినచో జాగుసేయక ఆసుపత్రికి పోవలయును. వేళకు సెలైను ఎక్కించినచో పెక్కుమంది కోలుకొందురు.

విద్యార్థులారా! రేపు మీరును పరదేశమున కేగవచ్చును. చేరుటకు ముందే, క్రొత్తవారికి వేరుగా శిక్షణ కలదా, శిక్షకుడు ఒక్కొక్కరిని గమనించునా యని విచారింపుడు. తొలి వారములలో కొద్దికొద్దిగా సాధన పెంచుకొనుడు. జ్వరము వచ్చి తగ్గిన పిమ్మటను, ఎండలు మెండుగనున్న దినములందును మరింత జాగరూకత వలయును. తలిదండ్రులును దూరమునున్న బిడ్డను "ఎంత బరువెత్తితివి?" అని గాక, "ఒళ్లెట్లున్నది?" అని యడుగుట మేలు. "ఇక చాలు" ననగలుగుటయు బలమే.