ఒక్క అక్షరం, 15 బైట్లు

జ్ఞానం అందరికీ మింగుడుపడదని వింటాం గాని, 2018 ఫిబ్రవరిలో ఐఫోనుకు 'జ్ఞా' అనే అక్షరమే మింగుడుపడలేదు సుమండీ! ఒక తీరున కూర్చిన ఆ అక్షరం సందేశంలో వస్తే చాలు, యాప్ కుప్పకూలేది.

మనకది ఒక్క అక్షరం. కంప్యూటరుకు జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం – నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటీ 3 బైట్లు. ఆనాటి పేచీ దీర్ఘానికి ముందు దాగిన అయిదోదానితో వచ్చింది. అది కంటికి కనిపించదు, అక్షరాలను కలవనివ్వదు. వెరసి 15 బైట్లు. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు.

"ఆ కనిపించనిదాన్ని ఏరి పారేస్తే సరిపోదా సార్?" అన్నాడు మా వారాసిగూడలో ప్రోగ్రాములు రాసే కుర్రాడొకడు. అదెట్లా నాయనా! 'సాఫ్ట్‌వేర్' అని విడదీసి రాయడానికి అదే దిక్కు. తీసేస్తే వకారం కాస్తా వత్తయి ఫకారానికి వేలాడుతుంది.

రోజూ ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. చోటు చాలక ప్రోగ్రాము బైట్లు లెక్కపెట్టి పేరును తెంపుతుంది. మూడింట ఒకటి తెగితే మిగిలింది అక్షరమే కాదు. అలాంటి తునక తగిలితే ప్రోగ్రాము కూలనూ కూడదు, గుట్టుగా మింగనూ కూడదు. దాని చోట యూనికోడ్‌లో ఉన్న ప్రశ్నార్థకపు గుర్తు నిలిపి ముందుకు సాగాలి. అయితే, పరీక్షల జాబితాలో జ్ఞానాంబ పేరే అట్లా చెడిందనుకోండి. ఆ ప్రశ్నార్థకంలోంచి పేరు మళ్ళీ పుట్టదు గదా! అందుచేత వచ్చిన బైట్లను వచ్చినట్టే విడిగా దాచి ఉంచాలి.